మూలన వదిలేసిన సంవత్సరం

తలకట్టు మావయ్య ఇంటికి వచ్చిన టేకు తలుపు కలప డిపోవాళ్లు పెట్టించిందేనని ఈ సందులో ఆరిళ్లవాళ్లూ, సందు బయట ఇంకో అరవై ఇళ్లవాళ్లూ అనుకుంటున్నారు. కోర్టులో డిపో తరఫున సాక్ష్యం చెప్పాడు, ఆ నెలలోనే తలుపొచ్చింది, ఇంకా విడమరిచి చెప్పాలా అని కుళాయి దగ్గర తేల్చేశారు. ఆ మాట తప్పు. పాత బడి కూల్చేస్తుంటే ఆయన కోడలు బేరమాడి తెచ్చిన తలుపది. లోపలివైపు పిల్లలు మేకుతో గీసిన గీతలు, ఎవడో ఎవడినో గాడిద అని తిట్టిన మాట ఇంకా అలాగే ఉన్నాయి. డిపోవాళ్ల దగ్గర ఆయన అగ్గిపుల్లంత కర్ర కూడా పుచ్చుకోలేదు.

అయితే ఆయన తప్పేమీ చేయలేదా అంటే, చేశాడు. అసలు సంగతి తెలిస్తే తలుపు పుచ్చుకుని ఉన్నా బాగుండేదనిపిస్తుంది.

ఆయన నలభై ఒక్కేళ్లుగా బోర్డులు రాస్తున్నాడు. మందుల షాపు, పిండిమర, దంతవైద్యుడు, 'కుక్క ఉంది జాగ్రత్త', ఏదైనా సరే. అక్షరం నెత్తిన తలకట్టు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టి, కుంచెను ఒక్క విసురుతో పైకి లేపేవాడు. ఆ విసురు చూడ్డానికే బడి వదిలాక పిల్లలు మూగేవారు. అలా తలకట్టు మావయ్య అయ్యాడు. అసలు పేరు ఆయన రేషన్ కార్డుకు తెలిస్తే తెలియాలి.

అక్షరాల్లో అంత మొనగాడికి అంకెలు మాత్రం లొంగలేదు. ఎనిమిది రాస్తే తప్పతాగి తూలుతున్నట్టుండేది. అందుకని ప్రతి బోర్డుకూ కుడివైపు అడుగు మూలలో చిన్న సంతకం తను పెట్టి, పక్కన సంవత్సరం భార్య చేత రాయించేవాడు. ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, సన్న కుంచె తీసుకుని, నాలుగంకెలూ ముత్యాల్లా పేర్చి, "అయిందా? పొయ్యి మీద కూర మాడుతోంది" అని వెళ్లిపోయేది. ఆవిడ పోయి ఏడేళ్లయింది. పోయాక ఆయన బోర్డుల మీద సంవత్సరం రాయడం మానేశాడు. పాత బోర్డులు ఒక్కొక్కటే తుప్పుపట్టి, తుక్కుబండి ఎక్కి వెళ్లిపోయాయి. ఊళ్లో ఎక్కడైనా ఒకటి మిగిలి కనిపిస్తే, సైకిలు దిగి మూల చూసి మళ్లీ ఎక్కేవాడు.

పోయిన వేసవిలో ఒకరోజు డిపో మేనేజరు చంకలో రేకు బోర్డు పెట్టుకుని వచ్చాడు. డిపోను కొత్తాయన కొని అప్పటికి ఏడాది.

"మావయ్యా, మా పక్కగోడకుండే బోర్డు. ఎండకి అక్షరాలన్నీ పోయాయి. రేకు మాత్రం గట్టిది. దీనిమీదే కొత్త మాటలు రాసిపెట్టు."

మావయ్య రేకును వెలుగులో తిప్పి చూశాడు. 'గోడపై నోటీసులు అంటించరాదు' అని పదహారేళ్ల కిందట ఆయనే రాసింది. ఇప్పుడు 'రాదు' ఒక్కటే కాస్త కనిపిస్తోంది. మూల మాత్రం నీడపట్టున ఉందేమో, చెక్కుచెదరలేదు. ఆయన సంతకం, పక్కనే ఆవిడ అంకెలు నాలుగూ.

"కొత్త మాటలేంటి?"

మేనేజరు చీటీ తీసి చదివాడు. "'ఇది ప్రైవేటు దారి. యజమాని అనుమతితో మాత్రమే నడవవలెను.' 'వలెను' ఉండాలన్నారు మా ఓనరుగారు, గంభీరంగా ఉంటుందని."

మావయ్య 'వలెను' గురించి కాసేపు వాదించాడు. 'ప్రైవేటు'లో దీర్ఘం ఎక్కడ పడాలో వాదించాడు. 'అనుమతితో' అన్న మాట గురించి మాత్రం ఏమీ అడగలేదు. మాట అందంగా పట్టిందా లేదా అన్నది ఆయన పనిగాని, ఆ మాట ఎవరి మీద పడుతుందన్నది ఏనాడూ ఆయన పని కాదు.

పాత అక్షరాల మీద తెల్లరంగు రెండు పూతలు వేశాడు. మూల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. చుట్టూ టేపు అంటించి, ఆ జానెడు మూలను అలాగే వదిలేశాడు.

బోర్డు తీసుకోవడానికి వచ్చిన మేనేజరు మూలను చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. "పాత సంవత్సరం ఉంచేశావే?"

"మా ఆవిడ రాసింది. తీసేయాలంటే..."

"అబ్బే, ఉంచు ఉంచు! ఎంత బాగుందో!"

తన ఇల్లాలి చేతిరాతను మెచ్చుకున్నాడని మావయ్య ఆరోజంతా పొంగిపోయాడు.

బోర్డు పాత చోటికే వెళ్లింది. తర్వాత రెండు నెలలకు దారికి గేటు పడింది, గేటుకు తాళం పడింది.

ఆ దారి ఎలాంటిదంటే, డిపో గోడకూ మురుగుకాలవకూ మధ్య ఒక తోపుడుబండి పట్టేంత నేల. అటు పెద్దరోడ్డు, ఇటు ఆరిళ్ల సందు. సందుకు ఇంకో దారి లేకపోలేదు. పదకొండు మెట్లెక్కి వెళ్లాలి. మనుషులు ఎక్కగలరు, బండి ఎక్కదు. బండి ఉన్నది దుప్పట్లావిడకు. లాడ్జీల దుప్పట్లు, గలీబులు మూటలు కట్టి తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, మర్నాడు పొద్దున్నే అదే బండిలో అప్పజెప్తుంది. ఆ దారి మూసేస్తే ఆవిడ చేతులు కట్టేసినట్టే.

ఆవిడ మావయ్యకు బంధువేం కాదు. కానీ ఆయన భార్యను వదినా అని పిలిచేది. వదిన మంచాన పడ్డ నాలుగు నెలలూ ఆ మంచం మీది దుప్పట్లు రోజూ పొద్దున్నే వచ్చి తీసుకెళ్లి, సాయంత్రానికి ఉతికి తెచ్చి, తనే పరిచి వెళ్లేది. వాటి వాసన గురించి ఒక్కరోజు ముఖం చిట్లించలేదు.

ఆరిళ్లవాళ్లూ కలిసి కేసు వేశారు. ముందు పేరు దుప్పట్లావిడది. కాగితాల కోసం వచ్చిన లాయరమ్మ వయసులో చిన్నదే కాని మాట గట్టిది. ఇస్త్రీ బల్ల మీద ఫైలు పరిచి అడగడం మొదలుపెట్టింది. సందంతా చుట్టూ నిలబడింది, మావయ్యతో సహా.

"ఎన్నేళ్లుగా నడుస్తున్నారు ఆ దారిన?"

"ఇరవైమూడు. మా పెద్దది కడుపులో ఉన్నప్పట్నుంచి."

"ఎవరినైనా అడిగారా, నడవొచ్చా అని?"

"దారిన పోవడానికి ఎవర్ని అడగాలమ్మా?"

"ఎవరూ చూడకుండా, దొంగచాటుగా పోయేవారా?"

దుప్పట్లావిడ నవ్వేసింది. "నా బండిచక్రం కీచుకి సందంతా లేచి కూర్చుంటుంది. ఇంక దొంగచాటేంటి!"

"పాత ఓనరు వద్దన్నాడా? గొడవపడ్డాడా?"

"చెయ్యూపేవాడు."

లాయరమ్మ పెన్ను మూసింది. "అయితే కేసు మనదే. నేల వాళ్లదే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ పరాయి నేల మీద ఇరవయ్యేళ్లు అందరూ చూస్తుండగా, గొడవ లేకుండా, ఎవరి అనుమతీ లేకుండా సొంతదారిలా నడిస్తే, ఆ నడక హక్కైపోతుంది. ఓనరు మారినా ఆ హక్కు పోదు."

"అడిగి నడిస్తే?" అన్నాడు పక్కింటి మెకానిక్కు.

"అడిగి నడిస్తే అది ఆయన దయ. ఇష్టమున్నన్నాళ్లు ఉంచుతాడు, లేనినాడు తీసేస్తాడు. అనుమతి అన్న మాట ఒక్కటి పడిందా, ఆ రోజునుంచి మీ ఏళ్లు లెక్కలోకి రావు."

"అదేం చట్టమమ్మా! మర్యాదగా అడిగినోడికి ఏమీ లేదు, అడక్కుండా దూరినోడికి హక్కా?"

"అలాగైతే ఈ ఊరంతా నీ పేర రాసివ్వాలి," అంది మెకానిక్కు భార్య. అందరూ గొల్లుమన్నారు. మావయ్య కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, అనుమతి అన్న మాట తన కుంచెతో రాసినదేనని గుర్తొచ్చి నోరు మూశాడు. ఇంటికెళ్తూ తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. నిన్నగాక మొన్న రాసిన బోర్డది. వెనక ఇరవైరెండేళ్లు ఉండనే ఉన్నాయిగా! మూల సంగతి ఆయనకు తట్టనేలేదు.

కోర్టు కాగితం వచ్చిన రోజు తట్టింది. డిపోవాళ్లు ఆయన్ను సాక్షిగా పిలిచారు.

ఆయనకన్నా ముందు సందువాళ్లు బోనెక్కారు. డిపో లాయరు అందరినీ ఒకటే అడిగాడు. ఆ గోడకు బోర్డు ఎప్పటినుంచి ఉంది? పాపం, ఉన్నదే చెప్పారు. ఎప్పట్నుంచో ఉందండి, రోజూ చూస్తూనే ఉంటాం. ఏం రాసి ఉండేది? చెరిగిపోయి ఉండేది, ఎవరు చదివారండీ! మెకానిక్కయితే, "గోడ పుట్టినప్పట్నుంచీ ఉంది" అని తన సొంతంగా ఒక ముక్క చేర్చాడు.

తర్వాత మావయ్య వంతు వచ్చింది. బోర్డును బల్ల మీద నిలబెట్టారు. ఎండా వానా దుమ్మూ పట్టి అక్షరాలు అప్పుడే పాతవాటిలా ఉన్నాయి.

"ఇది మీరు రాసిన బోర్డేనా?"

"నేనే రాశాను."

"కింద మూల సంతకం?"

"నాదే."

"పక్కన ఉన్న సంవత్సరం ఎవరు రాశారు?"

అక్కడ ఆగితే బాగుండేది. తెలీదంటే పోయేది. కానీ ఏడేళ్లుగా ఆ అంకెలు ఎవరివని ఆయన్ను అడిగిన మనిషి లేడు. గొంతులోకి తెలియని గర్వమొకటి వచ్చేసింది.

"నా భార్య రాసిందండి. నా బోర్డులన్నిటికీ అంకెలు తనే రాసేది. అలా ఇంకెవరూ రాయలేరు."

"ఆవిడ ఇక్కడికి వచ్చారా?"

"లేదండి. పోయి ఏడేళ్లయింది."

డిపో లాయరు జడ్జిగారి వైపు తిరిగి, "అంతే" అన్నాడు. తను ఏమన్నాడో మావయ్యకు అప్పుడు వినిపించింది. చచ్చిపోయిన మనిషి వచ్చి కిందటేడు బోర్డు రాయదుగదా! ఇంక ఆ బోర్డు పాతది కాదని అనగలిగేదెవరు?

లాయరమ్మ లేచింది. "ఈ బోర్డు ఆ గోడమీదే ఉండేదా?"

"ఉండేదమ్మా."

"పదహారేళ్లుగా?"

"రేకు..." అన్నాడు మావయ్య. డిపో మేనేజరు వెనక బెంచీలోంచి తననే చూస్తున్నాడు. దుప్పట్లావిడ కూడా చూస్తోంది. ఒంటిమీద దుప్పటి మడతలాంటి ఇస్త్రీ చీర, చేతిలో చిన్న సంచి. "ఉండేదమ్మా," అని దిగిపోయాడు.

ఆయన అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. బోర్డు తనే రాశాడు, సంవత్సరం భార్యే రాసింది, రేకు పదహారేళ్లుగా అక్కడే ఉంది. మెట్లు దిగుతూ ఈ మూడూ వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. కిందికొచ్చి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

ఇరవైమూడేళ్లలోంచి పదహారు పోతే ఏడు. చట్టానికి ఇరవై కావాలి. ఈ తీసివేత సందులో మూడోక్లాసు పిల్లకు కూడా వచ్చు.

తలుపు మాట అప్పుడు పుట్టింది. కోడలు కుళాయి దగ్గర బిందెలు వదిలేసి పోట్లాడి వచ్చింది. ఆవిడది మూలమలుపులో జెరాక్స్ షాపు. అన్నీ కాగితాల మీద ఉండాలంటుంది.

"మావయ్యా, తలుపు రసీదు నా దగ్గరుంది. పది కాపీలు తీసి ఒక్కో గుమ్మానికీ అంటించేస్తాను. దెబ్బకి నోళ్లు పడిపోతాయి."

"వద్దమ్మా."

"ఎందుకొద్దు? మీరు లంచం తిన్నారంటున్నారు!"

"అననీ."

కోడలు ఆయన ముఖంలోకి చూసింది. "మీరిలాగే ఊరుకుంటే నిజమే అనుకుంటారు, మీ ఇష్టం," అని చెంబు ఠంగుమని పెట్టి లోపలికెళ్లింది. ఆయన ఎందుకొద్దన్నాడో ఆవిడకెలా తెలుస్తుంది? తలుపు మాట అబద్ధమని తేలిపోతే జనం ఊరుకోరు, మరింకేంటని తవ్వుతారు. చేయని తప్పు నెత్తిన ఉన్నన్నాళ్లూ చేసిన తప్పు దానికింద దాక్కుంటుందని ఆయన లెక్క. ఆ లెక్క తనకే అసహ్యం వేసింది.

రెండుసార్లు లాయరమ్మ ఆఫీసు దాకా వెళ్లాడు. ఒకసారి ఆవిడ పేరున్న పలక మీద అక్షరాలు ఎవడు రాశాడో చూస్తూ నిలబడి వెనక్కొచ్చేశాడు. ఇంకోసారి మెట్లమీద కూర్చుని చెప్పులోంచి రాయి తీసుకున్నాడు. చెప్పులో రాయి లేదు. చెబితే ఏమవుతుంది? ప్రమాణం చేసి ఎందుకు దాచావంటారు. బోర్డును గీకి చూస్తారు. పాత రేకును కొత్త మాటలతో కోర్టుకు పంపిన తలకట్టు అని ఊరు చెప్పుకుంటుంది. జైల్లో పెడతారేమో కూడా. నలభై ఒక్కేళ్ల పేరు ఒక్క పూతకు పోతుంది.

చెప్పలేనివాడు ఊరుకోనూలేకపోయాడు. ఒక సెలవురోజు రంగుడబ్బా పట్టుకుని పెద్దరోడ్డు మీద దుప్పట్లావిడ వదిలే బండి దగ్గరికెళ్లి, ఎవరూ అడక్కుండానే దానికి నీలంరంగు వేశాడు. చక్రాల ఇరుసు విప్పి, తుడిచి, నూనె పోశాడు. ఆవిడ బండిని ముందుకూ వెనక్కూ లాగి చూసి మురిసిపోయింది.

"కీచు పూర్తిగా పోయిందన్నయ్యా! ఇప్పుడైతే నిజంగా దొంగచాటుగా పోవచ్చు."

ఆవిడ హాస్యానికే అంది. మావయ్య తలెత్తలేదు. చేతికి అంటిన నీలంరంగు కిరసనాయిలుతో రుద్దుకుంటూ కూర్చున్నాడు, చర్మం ఎర్రబడేదాకా.

అప్పటికే ఆవిడ మూటలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతోంది. బండిని రోడ్డువైపు వదిలేసి, ఒక్కో మూటా మోసుకొస్తోంది. పదకొండు మెట్లు, రోజుకు పద్నాలుగుసార్లు. రెండు లాడ్జీలవాళ్లు ఆలస్యమవుతోందని వేరేవాళ్లను చూసుకున్నారు.

తీర్పు శుక్రవారం అన్నారు. మంగళవారం మధ్యాహ్నం మావయ్య వసారాలో కుంచెలు కడుగుతుంటే దుప్పట్లావిడ వచ్చి గడపమీద కూర్చుంది. కోడలు షాపులో ఉంది. దుప్పట్లావిడ మోకాళ్లు పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"లాయరమ్మ దగ్గర్నుంచే వస్తున్నానన్నయ్యా. గుండె దిటవు చేసుకోమంది. తీర్పు చదివేలోగా కొత్త సాక్ష్యం ఏదైనా దొరికితే జడ్జిగార్ని మళ్లీ వినమని అడుగుతానంది. చదివేశాక చాలా కష్టమట. మన దగ్గర కొత్తగా ఏముంది?"

మావయ్య కుంచెను నీళ్లలో ముంచి తీశాడు. మళ్లీ ముంచాడు.

"మంచినీళ్లు తాగుతావా, చెల్లెమ్మా?"

"వద్దు. నాకో పని చేసిపెట్టు. ఆ బోర్డు మీద ఏముందో చదివి చెప్పు. అందరూ నాకు విడతలు విడతలుగా చెప్పారు. రాసినవాడివి నువ్వు చెప్పు."

ఆయన చెప్పాడు. 'వలెను'తో సహా.

ఆవిడ ఒక్కో మాటా పెదాలతో అనుకుంటూ వింది. "యజమాని అనుమతితో," అని పైకి అంది. "పదహారేళ్లు దానికింద నుంచి బండి తోసుకుపోయానన్నమాట. నాకు అక్షరమ్ముక్క రాదు, నిజమే. కానీ పాతాయన గుర్తున్నాడు నాకు. ఒకసారి వాన పడుతుంటే గొడుగు పట్టి కాలవ దాకా వచ్చాడు. అనుమతి ఇచ్చేవాడిలా లేడు, అడ్డగించేవాడిలానూ లేడు. మామూలుగా ఉన్నాడు. అదంతా నేను కల్పించుకున్నానా? మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు దారులు మర్చిపోయింది, తర్వాత మమ్మల్ని."

"అలా అనకు."

"మరేమనను? సందంతా బోర్డు ఉందంటోంది. నువ్వూ ఉందన్నావు. వదిన చేతిరాత అబద్ధమాడదు. ఇంక మిగిలింది నా బుర్రే కదా! రాత్రి పక్కమీద పడుకుంటే ఆ గోడ కనిపిస్తుంది, బోర్డు కనిపించదు. దారి పోతే పోనీ. మూటలు మోస్తాను, మోయలేనినాడు మానేస్తాను. నా తల నాకు ఉందో లేదో తెలియాలి."

మావయ్య డబ్బా పక్కకు జరిపి ఆవిడ ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని సూటిగా చూసింది. "అన్నయ్యా, కోర్టులో వాళ్లేం అడిగారో నువ్వేం చెప్పావో నాకొద్దు. నేనడుగుతున్నాను చెప్పు. ఆ మాటలు ఎప్పుడు రాశావు?"

"పోయిన వేసవిలో," అన్నాడు మావయ్య. "నీ తలకేం కాలేదమ్మా. రేకు పాతది, మాటలు కొత్తవి. కింద వేరే రాసుంది, గీకితే వస్తుంది. పద, లాయరమ్మకీ ఇదే చెప్తాను, జడ్జిగారికీ చెప్తాను. వాళ్లెవరూ నన్ను అడగలేదు చెల్లెమ్మా... కాదు. అడగకపోవడం కాదు. లాయరమ్మ అడిగింది. నేనే చెప్పలేదు."